ఇంటర్నెట్, సెల్ నెట్‌వర్క్: తెలివి ఎక్కడ పెట్టారు?

ఇంటర్నెట్, సెల్ నెట్‌వర్క్ ఒకే ఫోన్‌లో కలిసి పనిచేస్తున్నాయి కాబట్టి రెండూ ఒకటేనన్న భ్రమ చాలామందికి ఉంది. నిర్మాణంలో మాత్రం ఒకటి తూర్పు, రెండోది పడమర. ఇంటర్నెట్‌లో నడుమ ఉండే రౌటర్లకు పని తక్కువ. ప్యాకెట్ (డేటా ముక్క) మీద చిరునామా చూసి తర్వాతి రౌటర్‌కు తోసేయడమే. అందులో ఏముందో, ఇందాక వెళ్లినది చేరిందో లేదో వాటికి పట్టదు. పోయినదాన్ని మళ్లీ పంపడం, వరస కుదర్చడం అటూ ఇటూ ఉన్న కంప్యూటర్ల బాధ్యత. సెల్ నెట్‌వర్క్‌లో అంతా తలకిందులు. సిమ్ ఎవరిది, ఫోన్ ఏ ఊళ్లో ఉంది, బ్యాలెన్స్ ఎంత, ఏ టవర్‌కు మారాలి, ఇవన్నీ నడుమనున్న యంత్రాలకే తెలియాలి.

ప్యాకెట్ల ఆలోచన 1960ల్లో అమెరికాలో పాల్ బారన్‌కు, బ్రిటన్‌లో డొనాల్డ్ డేవిస్‌కు విడివిడిగా తట్టింది. 1974లో వింట్ సెర్ఫ్, బాబ్ కాన్ రకరకాల నెట్‌వర్క్‌లను కలిపే పద్ధతి రాశారు. 1983 జనవరి 1న ఇంటర్నెట్‌కు పూర్వరూపమైన ఆర్పానెట్ ఆ పద్ధతి నుంచి వచ్చిన టీసీపీ/ఐపీకి మారింది. చరిత్ర ఇంతమాత్రం చాలు. పనితనం చూడాలంటే 1986కు రావాలి. ఆ ఏడాది లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలకు, నాలుగు వందల గజాల దూరంలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయానికి మధ్య వేగం సెకనుకు 32 వేల బిట్ల నుంచి 40 బిట్లకు పడిపోయింది. దారి కిక్కిరిసి ప్యాకెట్లు పోతున్నాయి; పోయినవాటిని కంప్యూటర్లు మళ్లీ మళ్లీ పంపి ఇంకా కిక్కిరిసేలా చేస్తున్నాయి. వాన్ జేకబ్సన్ పట్టిన మందు చూడండి: మెల్లగా మొదలుపెట్టు, జవాబులు వస్తున్నకొద్దీ వేగం పెంచు, ఒక ప్యాకెట్ పోయిందా, వెంటనే తగ్గు. ఒక్క రౌటర్‌నూ ముట్టుకోలేదు. చివర్లలోని సాఫ్ట్‌వేర్ మాత్రం మార్చి ప్రపంచ నెట్‌వర్క్‌ను బతికించాడు. ఇంజనీరింగ్‌లో ఇంత పొదుపైన వైద్యం అరుదు.

సెల్ నెట్‌వర్క్ ఘనత తక్కువేమీ కాదు. గాలిలో తరంగాలు కొద్దిపాటివి, వాడేవాళ్లు కోట్లమంది. ఊరిని చిన్న సెల్స్‌గా కోసి, కొంత దూరం దాటాక అవే ఫ్రీక్వెన్సీలు మళ్లీ వాడవచ్చని 1947లోనే బెల్ ల్యాబ్స్‌కు చెందిన డగ్లస్ రింగ్ ఒక మెమోలో రాశాడు. మాట తెగకుండా ఒక సెల్ నుంచి మరో సెల్‌కు దాటించే పద్ధతికి ఏమోస్ జోయెల్ 1972లో పేటెంట్ పొందాడు. విజయవాడ నుంచి గుంటూరు వెళ్లే బస్సులో ఎవరో ఇంటికి ఫోన్ చేసి మాట్లాడుతున్నారనుకోండి. జీఎస్ఎమ్ (2జీ) పద్ధతిలో ఆ ఫోన్ సెకనుకు సుమారు రెండుసార్లు చుట్టుపక్కల టవర్ల సిగ్నల్ కొలిచి పైకి చెబుతుంది. నిర్ణయం మాత్రం నెట్‌వర్క్‌దే. కొత్త టవర్‌లో చోటు సిద్ధంచేసి, చెవికి తెలియనంతలో ఫోన్‌ను అటు మళ్లిస్తుంది. ఈ విద్యకు నడుమ తెలివి కావాల్సిందే.

ఆ తెలివి తరంగాలు పంచడం దాటి పెత్తనానికి దిగినప్పుడే చిక్కు. ఎస్ఎమ్ఎస్ సంగతే చూడండి. ఒక సందేశానికి 140 బైట్లు. ఇంగ్లీషు అక్షరాలైతే 160 పడతాయి, తెలుగైతే సాధారణంగా 70. అందులో 'స్త్రీ' ఒక్కటే ఆరు స్థానాలు తింటుంది. ఈ అక్షరాల పట్టికలు నెట్‌వర్క్ ప్రమాణంలోనే బిగించి ఉండటంతో మార్పు రావాలంటే ప్రమాణ సంఘం, ఆపరేటరు, ఫోన్ కంపెనీ ముగ్గురూ కదలాలి. ఇంటర్నెట్‌కు తెలుగైనా తమిళమైనా బైట్లే. చివర్లలో ఫాంటు ఉంటే చాలు. రోమింగ్‌దీ అదే కథ. ఇక్కడి సిమ్‌తో డాలస్ వెళ్లినవారు అక్కడి దుకాణం వెబ్‌సైట్ తెరిస్తే, ఆ డేటా సాధారణంగా భారత్‌లోని ఆపరేటరు దాకా వచ్చి మళ్లీ డాలస్ వెళుతుంది. లెక్క ఇంటి ఆపరేటరు చేతిలో ఉండాలి కదా!

టిమ్ బెర్నర్స్‌లీ వెబ్‌ను తయారుచేసినప్పుడు ఏ ఆపరేటరు అనుమతీ అడగలేదు. అడగాల్సి ఉంటే వెబ్ పుట్టేదే కాదేమో. ఇప్పుడు ఇంటర్నెట్ పేరుతో అమ్ముతున్న సరుకులో ఆ స్వేచ్ఛ ఎంత మిగిలింది? పాత ఐపీ చిరునామాలు చాలక ఎన్నో ఫోన్లను ఒకే చిరునామా వెనక దాచేస్తున్నారు. లోపలి నుంచి బయటికి వెళ్లవచ్చు, బయటివారు నేరుగా లోపలికి రాలేరు. అంటే ఆ ఫోన్ కొనుక్కునేవాడి పరికరమే తప్ప, తన సర్వర్ తాను నడుపుకునేవాడిది కాదు. 'అన్‌లిమిటెడ్' అని రాసిన ప్యాక్ రోజువారీ కోటా దాటగానే 64 కేబీపీఎస్‌కు కుదించుకుపోవడం మరో మాయ. అన్నిటికన్నా నాసి నకలు ఫ్రీ బేసిక్స్: ఫేస్‌బుక్ ఎంచిన కొన్ని సైట్లను ఉచితంగా చూపి దాన్ని పేదల ఇంటర్నెట్ అంది. నాలుగు గదుల బొమ్మరిల్లు చూపి ఊరనడం అది. అన్ని సైట్లనూ ఒకేలా చూడాలని కోరుతూ 2015లో పది లక్షలకు పైగా ఈమెయిళ్లు టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్‌కు వెళ్లాయి. సైటును బట్టి డేటాకు వేరువేరు ధరలు పెట్టడాన్ని ట్రాయ్ 2016 ఫిబ్రవరి 8న నిషేధించింది.

వీడియో, మెసేజింగ్ సంస్థలు తమకు వాటా చెల్లించాలని టెలికాం కంపెనీలు ఇప్పుడు అడుగుతున్నాయి. డేటా డబ్బు వినియోగదారుడి దగ్గర ముందే వసూలైంది. అదే ప్యాకెట్‌కు రెండోవైపు కూడా సుంకం అడగడం అన్యాయం. ట్రాయ్ సంప్రదింపు పత్రం వెలువరించిన ప్రతిసారీ ఎవరైనా ఈమెయిల్‌లో అభిప్రాయం పంపవచ్చు. తెలుగు పాఠకులు ఆ ఈమెయిల్ తప్పక రాయాలి.