ఆయాసంతోనే నడక

హైదరాబాద్ పంజాగుట్టలో నిమ్స్ ఆసుపత్రి ఓపీ తెరిచే వేళకు ఎక్స్‌రే కవర్లు, సీటీ స్కాన్ సంచులు పట్టుకుని వచ్చేవాళ్లలో ఊపిరితిత్తులు గట్టిపడిన మనుషులను దూరం నుంచే పోల్చుకోవచ్చు. వాళ్లు నడుస్తూ మాట్లాడరు. పక్కనున్న కొడుకో కూతురో ఏదైనా అడిగితే ఆగి, గోడకో రెయిలింగుకో చెయ్యి ఆనించి, అప్పుడు జవాబు చెబుతారు. నడకకూ మాటకూ కలిపి సరిపడా ఊపిరి లేదని వాళ్ల ఒంటికి ఎప్పుడో తెలిసిపోయింది. ఫిజియోథెరపిస్టుగా అమీర్‌పేట, పంజాగుట్ట మధ్య ఏళ్లుగా నేను చేస్తున్న పని ఇలాంటి వాళ్లను మళ్లీ నడిపించడం. పల్మనరీ రీహాబిలిటేషన్ అని దాని పేరు. మా దగ్గర అందరూ రీహాబ్ అనేస్తారు.

ఊపిరితిత్తుల్లో గాలి గదులకూ రక్తనాళాలకూ మధ్య ఉండే పొర చాలా పల్చన. ఐఎల్‌డీ అని పిలిచే జబ్బుల్లో ఆ పొర వాచి, మచ్చకట్టి, మందమవుతుంది. ఊపిరితిత్తి సరిగా సాగదు, ఆక్సిజన్ రక్తంలోకి సులువుగా దాటదు. వీపు మీద స్టెతస్కోపు పెట్టి వింటే చెప్పుల వెల్క్రో పట్టీ లాగినప్పటి చప్పుడు. కఫం లేని దగ్గు, మెట్లెక్కితే ఆయాసం, కొందరికి వేళ్ల చివర్లు ఉబ్బడం. కారణాలు అనేకం: కీళ్లవాతం, స్క్లెరోడెర్మా వంటి జబ్బులు, కొన్ని మందులు, రాళ్లు కొట్టేచోట లేచే దుమ్ము. ఎంత వెతికినా కారణం దొరకని రకాల్లో ఒకటి ఐపీఎఫ్.

మన దేశంలో ఇంకో కారణం పెద్దది. 19 నగరాల్లోని 27 కేంద్రాల నుంచి 1,084 మందిని చేర్చుకున్న ఐఎల్‌డీ ఇండియా రిజిస్ట్రీ ఫలితాలు 2017లో వచ్చాయి. వారిలో దాదాపు సగం మందిది, అంటే 47 శాతం మందిది, పీల్చిన ధూళి పడక ఊపిరితిత్తులు వాచే రకం. పక్షుల రెట్టలు, బూజు, తడి ఆరని ఎయిర్ కూలర్లు అక్కడ అనుమానితులు. ఈ మాట చదివాక అమీర్‌పేటలో తిరగడం నాకు వేరే అనుభవం. కోచింగ్ సెంటర్ల చుట్టూ అల్లుకున్న హాస్టళ్ల వరండాల్లో వేసవి పొడవునా కూలర్లే. అపార్టుమెంట్లలో ఏసీ డబ్బాల వెనక పావురాల గూళ్లు, పుణ్యమని బాల్కనీలో జొన్నలు చల్లే పెద్దవాళ్లు. కూలర్ ఉన్న ప్రతి ఇంట్లో జబ్బు రాదు. కానీ వచ్చిన ఇంట్లో మొదట మారాల్సింది కూలర్‌లోని గడ్డి పలకలూ ఆ పావురాలూనే. కొత్తవాళ్లు రాగానే అందుకే నా మొదటి ప్రశ్న ఇంటి గురించి.

మచ్చను చెరిపేసే మందు మాత్రం లేదు. పిర్ఫెనిడోన్, నింటెడానిబ్ అనే రెండు మందులకు 2014లో అమెరికాలో ఆమోదం దొరికింది, ఇక్కడా వాడుతున్నారు. అవి జబ్బు పరుగును నెమ్మదింపజేస్తాయి. ఊపిరితిత్తిని వెనక్కి తీసుకురావు. ఆ మాట డాక్టరు నోట విన్న రోజున ఇంట్లో ఒక నిర్ణయం జరిగిపోతుంది: ఇక నాన్నను కదలనివ్వకూడదు.

"కూసుంటే మంచిగనే ఉంటది సార్. లేస్తెనే దమ్ము అందది" అన్నారొకసారి బల్కంపేట వైపు నుంచి వచ్చిన పెద్దాయన. వెంటనే కొడుకు అందుకున్నాడు: "అందుకే సార్, బాపును లేవనిస్తలేం. మంచంకాడికే అన్నీ ఇస్తున్నం." ఆ కొడుకులో ప్రేమ తప్ప ఏమీ లేదు. కానీ ఏడాదిపాటు మంచం దగ్గరికే అన్నీ అందుకున్న ఆ తండ్రి తొడలు చూస్తే ఎముక కనిపిస్తోంది. నేను తలపడేది ఎక్కువగా ఇలాంటి ప్రేమతోనే.

కాలి కండకు పని లేకపోతే అది కరుగుతుంది. మిగిలిన కండ కూడా ఆక్సిజన్‌ను వాడుకునే నేర్పు కోల్పోయి, నాలుగడుగులకే ఆమ్లం పుట్టిస్తుంది. ఆ ఆమ్లాన్ని వదిలించుకోవడానికి శరీరం మరింత వేగంగా ఊపిరి తీయమంటుంది. గట్టిపడిన ఊపిరితిత్తికి సాధ్యం కానిది సరిగ్గా అదే. దాంతో ఆయాసం, ఆయాసంతో భయం, భయంతో మళ్లీ మంచం. ఇందులో మచ్చ వల్ల వచ్చిన ఆయాసం ఎంతో, వాడని కాళ్ల వల్ల వచ్చిన ఆయాసం ఎంతో రోగికి తెలియదు. రెండో భాగం మన చేతుల్లో ఉంది. నా పనికి ఆధారమంతా ఈ ఒక్క వాక్యం.

ఊపిరితిత్తుల జబ్బుకు విశ్రాంతే మందన్న నమ్మకం ఈ నేలకు పాతది. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం శానటోరియం 1915లో మొదలైంది. వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండ మీదా అలాంటిదే ఉండేది. క్షయ రోగులకు మంచి గాలి, మంచి తిండి, పడక. హైదరాబాద్ సంగతికొస్తే, నవాబ్ ఫక్రుల్ముల్క్ కట్టించిన మహళ్లలో ఒకటి పంజాగుట్ట గుట్ట మీది ఇర్రం మంజిల్ అయితే, రెండోది ఎర్రగడ్డలోని ఇర్రం నుమా. ఆ రెండోదే ఛాతీ ఆసుపత్రి అయింది. అమీర్‌పేట దాటి సనత్‌నగర్ వైపు వెళ్తుంటే, టీబీ దవాఖాన అని ఇప్పటికీ జనం చూపించేది దాన్నే. మందులు లేని కాలంలో డాక్టర్లు ఇవ్వగలిగింది విశ్రాంతి ఒక్కటే కనుక దాన్ని తప్పుపట్టను. అయితే ఆ నమ్మకాన్ని కదిలించిన పని కూడా మన పొరుగునే జరిగింది. 1959లో అచ్చయిన మద్రాసు అధ్యయనంలో, ఇరుకిళ్లలో ఉంటూ మందులు మింగిన క్షయ రోగులు అవే మందులతో శానటోరియంలో పడకమీదున్న వాళ్లతో సమానంగా కోలుకున్నారు. జబ్బు వేరైనా, పడకే వైద్యమన్న మాట ఎంత బలహీనమో తెలిసింది. 1960లలో అమెరికాలోని డెన్వర్‌లో థామస్ పెట్టీ బృందం సిగరెట్ పొగతో పాడైన ఊపిరితిత్తులవాళ్లను ఆక్సిజన్‌తో నడిపించి చూపింది. మచ్చల జబ్బు వంతు చాలా ఆలస్యంగా వచ్చింది. 2021 నాటి కాక్రేన్ సమీక్ష అప్పటిదాకా జరిగిన పరీక్షలన్నీ కలిపి చూస్తే, రీహాబ్ చేసినవాళ్లు 6 నిమిషాల్లో సగటున 40 మీటర్లు ఎక్కువ నడిచారు. 2023లో అమెరికన్ థొరాసిక్ సొసైటీ ఐఎల్‌డీ రోగులకు రీహాబ్ ఇవ్వాలని గట్టిగా సిఫారసు చేసింది.

40 మీటర్లు కాగితం మీద చిన్నవే. మంచం నుంచి బాత్‌రూమ్‌కు వెళ్లి, స్నానం చేసి, ఎవరి సాయం లేకుండా తిరిగి రావడానికి ఒక మనిషికి అవే చాలు.

ఇక పని విషయానికొస్తే, మొదటిది 6 నిమిషాల నడక పరీక్ష. 30 మీటర్ల సమతలపు వరండా కావాలి, రెండు చివర్లా గుర్తులుండాలి. రోగి తన వేగంతో అటూ ఇటూ నడుస్తారు. అలసిపోతే ఆగొచ్చు, గడియారం మాత్రం ఆగదు. మధ్యలో నేను అనే మాటలు కూడా నిర్ణయించినవే. ప్రతి నిమిషానికీ ఒక వాక్యం, ఒకే గొంతుతో. అతిగా ఉత్సాహపరిస్తే దూరం పెరిగిపోతుంది, వచ్చే నెల కొలతతో పోల్చలేను. చదరపు అడుగుల లెక్కన అద్దె పలికే అమీర్‌పేటలో 30 మీటర్ల ఖాళీ వరండా దొరకడం ఎంత కష్టమో ఇక్కడ క్లినిక్ వెతికినవాళ్లకు తెలుసు.

వేలికి ఆక్సిమీటర్ ఉంటుంది. ఈ జబ్బు స్వభావమంతా అక్కడే బయటపడుతుంది. కుర్చీలో 95 చూపించిన మనిషి మూడో నిమిషానికి 84కు దిగుతారు. కొందరికి అంత దిగినా ఏమీ అనిపించదు, నవ్వుతూనే ఉంటారు. నాకు భయం వాళ్లతోనే. కూర్చున్నాక కూడా అంకె ఇంకొంచెం దిగి, తర్వాత లేస్తుంది. వేలు చల్లగా ఉన్నా, గోటికి రంగున్నా ఆ అంకెను నమ్మను. వేళ్లు రుద్ది వేడి చేశాకే చూస్తాను.

పరీక్షలో 300 మీటర్లు నడిచారనుకుందాం. నిమిషానికి 50 మీటర్లు. అందులో 80 శాతం వేగంతో, అంటే నిమిషానికి 40 మీటర్లు, మొదలుపెడతాం. ఏకబిగిన సాధ్యం కాకపోతే రెండు నిమిషాలు నడక, ఒక నిమిషం నిలబాటు. సున్నా నుంచి 10 దాకా ఆయాసానికి మార్కులు వేయమంటే 3, 4 దగ్గర ఉండాలి. ఆక్సిమీటర్ అంకె 88 కంటే దిగితే ఆపి, డాక్టరు రాసినంత ఆక్సిజన్ పెట్టి మళ్లీ నడిపిస్తాం. వారానికి రెండు మూడు సార్లు, 8 నుంచి 12 వారాలు. నడకతో పాటు కుర్చీలోంచి లేచి కూర్చోవడం, చేతులకు చిన్న బరువులు.

ముక్కుకు గొట్టం పెట్టుకుని నడవడానికి చాలామంది సిగ్గుపడతారు. "నలుగురూ చూస్తే ఆఖరి రోజులనుకుంటారు సార్" అంటారు. బృందంగా చేయించడం ఇక్కడే పనికొస్తుంది. పక్క కుర్చీలో ఇంకో ఇద్దరు అదే గొట్టంతో కబుర్లు చెప్పుకుంటుంటే మూడోవాళ్లకు మొహమాటం పోతుంది. నేను గంటసేపు చెప్పినా రాని ధైర్యం అది.

కోవిడ్ తర్వాత ప్రతి ఇంట్లో మూడు బంతుల స్పైరోమీటర్ చేరింది. అది పట్టుకొచ్చి, "మూడూ లేపుతున్నా, మచ్చ తగ్గుతుందా?" అని ఆశగా అడుగుతారు. తగ్గదని చెప్పడం కష్టమే, కానీ చెప్తాను. బుడగలు ఊదడమూ అంతే. గట్టిపడిన ఊపిరితిత్తిని బలవంతంగా సాగదీయాలని చూస్తే దగ్గు తెర ఎత్తుకుంటుంది. కపాలభాతిలాంటి వేగమైన సాధనలు ఆయాసం ఎక్కువున్నవాళ్లకు నేను చేయించను. నెమ్మదిగా కూర్చుని శ్వాసను గమనించడం మనసును కుదుటపరుస్తుంది, అది వద్దనను. దాన్ని నడకకు బదులుగా పెట్టుకుంటేనే నష్టం.

ఇంటి పనులు నేర్పడం రీహాబ్‌లో సగం. పాశ్చాత్య పుస్తకాల్లో మన స్నానం ఉండదు. బకెట్ దగ్గర వంగడం, చెంబు తలపైకి ఎత్తడం, ఈ రెండూ ఐఎల్‌డీ మనిషికి మెట్లెక్కడంతో సమానం. అందుకని స్టూలు మీద కూర్చోవడం, బకెట్‌ను పీట మీద పెట్టడం, వంగేటప్పుడూ ఎత్తేటప్పుడూ ఊపిరి వదలడం నేర్పుతాం. చీర కుచ్చిళ్లు మంచం మీద కూర్చుని సర్దుకోవచ్చు. పోపులో ఎండుమిర్చి మాడే వేళ వంటింట్లోంచి బయటకు రావాలి, సాంబ్రాణి మానాలి. ఆడవాళ్ల విషయంలో నాకు బాధ ఎక్కువ. వాళ్లు ఆయాసంతోనే ముగ్గురికి వండుతూ ఉంటారు, ఇంట్లో ఎవరికీ అది జబ్బుగా కనిపించదు. మగవాళ్లను పడుకోబెట్టి కండ కరిగిస్తాం, ఆడవాళ్లను కొలత లేని శ్రమలో వదిలేస్తాం. ఇద్దరికీ కావాల్సింది కొలిచి ఇచ్చిన శ్రమ.

రీహాబ్ జబ్బును ఆపదు. మూడు నెలల్లో 50 మీటర్లు పెంచుకున్న మనిషి, మరుసటి ఏడాది ఊపిరితిత్తి మరింత గట్టిపడి, ఆ లాభమంతా కోల్పోవడం చూశాను. ఆ మధ్యలో ఆయన మనవరాలి పెళ్లిలో నిలబడి అక్షింతలు వేశారు. ఆ నెలలకు విలువ కట్టాల్సింది ఆయనే. ఊపిరితిత్తుల మార్పిడికి వెళ్లాల్సిన కొద్దిమందికీ ఈ నడక అవసరమే. చనిపోయినవారి అవయవాలను కేటాయించే జీవన్‌దాన్ పథకం నిమ్స్ నుంచే నడుస్తుంది. ఆ జాబితాలో ఎదురుచూసే కాలంలో కండ నిలబడకపోతే, అవయవం దొరికినా శస్త్రచికిత్సను ఒళ్లు తట్టుకోవడం కష్టం.

శిక్షణ ముగిసి మానేస్తే నెలల్లోనే లాభం జారిపోతుంది. రోజూ నడవాలి. ఎక్కడ? పంజాగుట్ట ఫుట్‌పాత్ మీద అడుగుకో బండి, గజానికో మెట్టు. పొగలో ఎవరు నడవమంటారు? ఎస్సార్ నగర్, మధురానగర్ వైపు కాలనీ కమ్యూనిటీ హాళ్లు పని దినాల్లో పొద్దున పూట తాళాలేసి ఉంటాయి. అక్కడ నేల మీద ఒక తెల్ల గీత, నాలుగు కుర్చీలు, ఒక ఆక్సిమీటర్ చాలు. డబ్బు కంటే అనుమతి ఎక్కువ కావాలి. ఏ కాలనీ సంఘమైనా పిలిస్తే గీత గీయడానికి నేను వస్తాను.

డాక్టర్లకూ ఒక మాట. చీటీ చివర "వాకింగ్ చేయండి" అని రాస్తున్నారు, సంతోషం. మందుకు మోతాదు రాసినట్టే దానికీ రాయండి: ఎన్ని నిమిషాలు, ఎంత వేగం, ఎన్ని లీటర్ల ఆక్సిజన్‌తో, ఏ అంకె దగ్గర ఆగాలి, మళ్లీ ఎప్పుడు కొలవాలి. ఆ అయిదూ రాసి ఉన్న చీటీని కొడుకు ఇంట్లో గోడకు అంటిస్తాడు. బాపు లేచి నిలబడినప్పుడు అడ్డుపడడు.