కొండమీద పోసిన నీళ్ళు

పలకల ఊరు మార్కాపురం వాళ్ళం, మాకు బరువుకు కొదవేముంది? ఫ్యాక్టరీ వెనక పారబోసిన రాతిముక్కలు ఏరుకొచ్చి, మా అబ్బాయి పాత స్కూలు బ్యాగులో నింపి, చీకటితోనే మేడమెట్లు ఎక్కిదిగడం మొదలుపెట్టాను. పక్కింటి పెద్దమ్మ చూసి, "ఏం నాయనా, పైన గది కడుతుండావా?" అంది.

"లేదు పెద్దమ్మా, వేటకు పోతుండా."

వేటంటే కెమెరా వేటే. వన్యప్రాణి చట్టం ఉండగా మరో రకం వేటకు చోటు లేదు. ఒకప్పుడు విల్లంబులతో నల్లమలలో తిరిగిన చెంచుల్లోనే కొందరు ఇవాళ పులిని కాపాడే కొలువు చేస్తున్నారు. నేను చూడాలనుకున్నది లద్దాఖ్ మంచు చిరుతను. చిక్కల్లా ఎత్తుతోనే. మార్కాపురం సముద్రమట్టానికి సుమారు 150 మీటర్లు, లేహ్ 3,500. అక్కడ ఊపిరి పీలిస్తే అందే ప్రాణవాయువు ఇక్కడి దాంట్లో మూడింట రెండొంతులే.

నెల తిరిగేసరికి ఆయాసం తగ్గింది, మోకాళ్ళు మొరాయించాయి. ఎక్కేటప్పుడు గుండెకు పని, దిగేటప్పుడు తొడలకూ మోకాళ్ళకూ శిక్ష. హిమాలయాలు తిరిగొచ్చిన మిత్రుడొకడు ఉపాయం చెప్పాడు: "రాళ్ళెందుకు? నీళ్ళు మోసుకెళ్ళు. పైన పారబోసి ఖాళీగా దిగు."

ఆ ఆదివారం అయిదేసి లీటర్ల క్యాన్లు రెండు వీపున వేసుకొని త్రిపురాంతకం కొండెక్కాను. మూత తీశాను గానీ చెయ్యి వంగలేదు. ట్యాంకరు కోసం బిందెలు వరసపెట్టిన వీధిలో పెరిగినవాణ్ణి, నీళ్ళు నేలపాలు చేయడమా? చుట్టూ చూస్తే బండల సందులో జానెడు వేపమొక్క కనిపించింది. దాని మొదట్లో పోశాను. అప్పట్నుంచి ప్రతి ఆదివారం అదే వరస.

నాలుగు నెలలకు కాళ్ళు ఇనుపకడ్డీలయ్యాయి. లేహ్‌లో విమానం దిగిన సాయంత్రమే ఆ గీరతో శాంతి స్తూపం మెట్లు గబగబా ఎక్కేశాను. రాత్రికి తల పగిలిపోయింది, వాంతులు. నాతో వచ్చిన కిరాణాకొట్టు బాబాయి జన్మలో వ్యాయామం ఎరగడు. రెండ్రోజులు దుప్పటి ముసుగేసి పడుకొని, మూడోరోజు టీ తాగుతూ నన్ను పరామర్శించాడు.

కాళ్ళ బలం ఇక్కడ తయారవుతుంది. పల్చటి గాలికి ఒళ్ళు అలవాటుపడటం మాత్రం అక్కడ ఉంటేనే. మాలావత్ పూర్ణ పద్నాలుగేళ్ళు నిండకముందే, 2014 మే 25న ఎవరెస్టు ఎక్కింది. ఆ అమ్మాయి కూడా భువనగిరి గుట్టతో మొదలుపెట్టి, డార్జిలింగ్, లద్దాఖ్ చలిలో రాటుదేలాకే అటు కదిలింది. మూడు వేల మీటర్లు దాటాక, రాత్రి పడుకునే చోటు రోజుకు అయిదొందల మీటర్లకు మించి పెంచకూడదని కొండ వైద్యుల మాట. ఎంత దిట్టమైన ఒంటికైనా అదే లెక్క.

బయల్దేరే ముందు దోర్నాల దగ్గర ఒక చెంచు తాత నాతో కాసేపు నడిచి, "మాట్టాడతా నడువు నాయనా. మాట ఆగిందంటే అడుగు ఎక్కువైనట్టే" అన్నాడు. ఊసుపోక అన్నాడనుకున్నాను. నాలుగు నెలల సాధనలో నేను నేర్చుకోనిది అదొక్కటే.

చిరుత కనిపించిందా అని అందరూ అడుగుతారు. ఆరోరోజు, ఎదుటి కొండ అంచున, టెలిస్కోపులో బారెడు తోక కనిపించింది. అంతే.

ఇప్పుడు ఏ ప్రయాణమూ లేదు. అయినా ఈ ఆదివారం క్యాన్లు నింపుకొని వెళ్తున్నాను, మెల్లగానే. ఆ వేపకు నీళ్ళు అలవాటయ్యాయి.