నోరుగల బుల్లి వాద్యం

వుడ్‌హౌస్ 1934లో రాసిన ‘థాంక్యూ, జీవ్స్’ నవల కాలేజీ రోజుల్లో చదివి పొట్ట చెక్కలయ్యేలా నవ్వాను. బెర్టీ వూస్టర్ అనే డబ్బున్న కుర్రాడికి బాంజొలేలే వాయించాలని సరదా పుడుతుంది. ఇరుగుపొరుగు గోలపెడతారు. బట్టల దగ్గర్నుంచి బుద్ధులదాకా అతన్ని చక్కబెడుతూ వచ్చిన జీవ్స్, ఆ మోత భరించలేక ఏకంగా ఉద్యోగమే మానేస్తాడు. చివరికి ఆ కుర్రాడున్న కుటీరం తగలబడి, దాంతోపాటు బాంజొలేలే కూడా బూడిదవుతుంది. చదివేవాళ్లకి దానిమీద జాలి కలగదు. నాకూ కలగలేదు, నేనే ఒకటి కొనేదాకా.

ఇంతకీ ఏమిటీ బాంజొలేలే అంటారా? ఆఫ్రికానుంచి బానిసలుగా తెచ్చినవాళ్ల చేతుల్లో అమెరికాలో రూపు దిద్దుకున్నది బాంజో. 1879లో మదైరా దీవినుంచి హవాయికి వలసవెళ్లిన వాళ్లు వెంట తీసుకెళ్లిన చిన్న తీగెవాద్యంనుంచి పుట్టింది యుకలేలే. ఈ రెండింటి సంతానం మన బాంజొలేలే. తోలు బిగించిన గుండ్రటి ఒళ్లు బాంజోది. నాలుగు తీగెలూ, శ్రుతీ, వేళ్ల లెక్కా యుకలేలేవి. అన్నట్టు, మన దుకాణాల్లో బాంజో అని అడిగితే మీటలు నొక్కి వాయించే బుల్‌బుల్ తరంగ్ చేతిలో పెట్టే అవకాశం వుంది. అది జపాను వైపు చుట్టం. దీనికీ దానికీ పేరులోనే పొత్తు.

నలభై దాటాక నాకు యుకలేలే పట్టుబడింది. పట్టుబడిందంటే, నాలుగు పాటలకి తాళం తప్పకుండా తీగెలు మీటగలను. కిందటేడు మాంచెస్టర్‌లో మా చెల్లెలింట్లో మూడు నెలలున్నాను. ఆ లాంకషైర్ ప్రాంతం జార్జ్ ఫార్మ్‌బీ పుట్టిన గడ్డ. బాంజొలేలే పట్టుకొని కొంటె పాటలు పాడి, 1930లలో ఇంగ్లండునంతా నవ్వించిన మనిషి. ఆయన 1936లో పాడిన కిటికీలు తుడిచేవాడి పాట బొత్తిగా మర్యాదగా లేదని బి.బి.సి. వాళ్లు రేడియోలో వెయ్యలేదు. అయినా అది జనం నోళ్లలో మోగిపోయింది. ఆయన సొంతవూరు విగాన్‌లో బజారు మధ్య ఆయన విగ్రహం చూశాక నేనింక ఆగలేకపోయాను. ఓ పాతసామాన్ల కొట్లో బాంజొలేలే కనిపిస్తే కొనేశాను. చవక. పైగా మెడనిండా ముత్యపుచిప్పల్లా మెరిసే బిళ్లలు. చీరకి అంచు చూసి మోసపోయే బుద్ధి ఎక్కడికి పోతుంది?

ఇంటికొచ్చి మీటితే మూకుడుమీద గరిటె పడ్డట్టు చప్పుడు. వుత్త తీగె శ్రుతిలోనే వుంటుంది. వేలు నొక్కి పైమెట్లకి పోయినకొద్దీ అపశ్రుతి. వారంరోజులు కుస్తీ పట్టాను. మా మరిది “వదినగారూ, కాస్త తలుపేసుకుంటారా?” అన్నాడు పాపం, ఎంతో మర్యాదగా. నాకు ఏడుపొచ్చింది. ఈ వయసులో నాకు సంగీతమేమిటి, నా చెవే మంచిది కాదు అనుకున్నాను. వాద్యాన్ని అనుమానించాలని ఒక్కసారి కూడా తోచలేదు చూశారూ!

ఎనిమిదో రోజున పక్కింటి ముసలాయన తలుపు తట్టాడు. అయిపోయింది, వుడ్‌హౌస్ నవలే అనుకున్నాను. ఆయన తిట్టడానికి రాలేదు. చేతిలో చిన్న మరచెవి వుంది. ఫార్మ్‌బీ భక్తుడట. నా వాద్యాన్ని వొళ్లో పెట్టుకొని, తీగెలకింది బ్రిడ్జిని వేలెడు దూరం జరిపాడు. చుట్టూవున్న కొక్కేలని ఒకదాని తర్వాత దాని ఎదుటిదాన్ని కొద్దికొద్దిగా బిగించాడు. మళ్లీ మీటితే, అదే వాద్యం, అవే తీగెలు, గలగలమని నవ్వింది.

నేను చెప్పదలచుకున్నదంతా ఈ మరచెవిలో వుంది. బాంజొలేలేకి బ్రిడ్జిని జిగురుతో అతికించరు. తీగెల ఒత్తిడికే నిలబడుతుంది, చెయ్యి తగిలితే జరుగుతుంది. మెడపైన తీగె మొదలయ్యే చోటునుంచి పన్నెండో మెట్టుదాకా ఎంత దూరమో, అక్కణ్ణుంచి బ్రిడ్జిదాకా దాదాపు అంతే వుండాలి. వుత్త తీగె మీటి, తర్వాత పన్నెండో మెట్టుమీద నొక్కి మీటండి. పైస్థాయిలో అదే స్వరం పలకాలి. స్వరం హెచ్చితే బ్రిడ్జిని తోకవైపు, తగ్గితే మెడవైపు జరపాలి. ఇక తోలంటారా, వదులైతే గొంతు మూగబోతుంది. డప్పుని మంటదగ్గర కాచడం మనం చూసిందేగా. పాత బాంజొలేలేలకి దూడచర్మం వేసేవారు. వానపడితే అదీ అంతే. ఇప్పుడు ఎక్కువగా ప్లాస్టిక్ మూత వేస్తున్నారు. నేర్చుకునేవాళ్లకి అదే సుఖం.

కనుక తక్కువ డబ్బుతో కొనేవాళ్లు మెరుపులు చూడకండి. సర్దడానికి వీలుందా లేదా చూడండి. కొక్కేలన్నీ వుండి తిరుగుతున్నాయా, బిరడాలు తిప్పినచోట నిలుస్తున్నాయా, మెడ వంకర పోలేదా? ఒక్కో మెట్టుమీదా నొక్కి మీటండి. ఎక్కడైనా జుయ్‌మంటే అడగండి. బ్రిడ్జి తప్పుని మనం దిద్దుకోవచ్చు. మెడ వంకరని దిద్దడం వాద్యం ధరకన్నా ఎక్కువవుతుంది. యుకలేలే అలవాటున్నవాళ్లు అదే కొలత మెడ తీసుకుంటే వేళ్లు తడబడవు. వేళ్లు కాస్త లావైతే పదిహేనంగుళాల తీగె వుండే కాన్సర్ట్ సైజు హాయి. లోహపు చట్రం బరువుగా వుంటుంది కాబట్టి భుజానికి పట్టీ తప్పదు. చేతిలో వున్న డబ్బంతా వాద్యానికే పెట్టకుండా, కొత్త తీగెలకీ, తెలిసినవాళ్లచేత సర్దించుకోవడానికీ కొంత మిగుల్చుకోండి.

దీని లోపాలూ చెప్పాలి. బిగించిన తోలు తేలిక. తీగె కదలికని చప్పున గాలికి అందించేస్తుంది. అందుకే మోత ఎక్కువ, ఆయుష్షు తక్కువ. వీణమీద లాగా స్వరాన్ని పట్టుకొని సాగదీద్దామంటే, సాగేలోపే ఆరిపోతుంది. దీని అందమంతా కుడిచేతి మీటులో వుంది. ఫార్మ్‌బీ గొప్పతనమూ అక్కడే. బొత్తిగా కొత్తవాళ్లు ముందు మామూలు యుకలేలేతో మొదలెట్టడం మంచిది. అది తప్పుల్ని కడుపులో దాచుకుంటుంది. ఇది నలుగురికీ చెబుతుంది. మరీ మోతగా వుంటే వెనకవైపు తోలుకి ఆనేలా పాత జేబురుమాలు దోపండి. సగం నోరు మూస్తుంది.

ఆ మధ్య మళ్లీ ఆ నవల తీశాను. ఇప్పటికీ నవ్వొచ్చింది. కాని జీవ్స్‌మీద కొంచెం కోపం కూడా వచ్చింది. అన్నీ తెలిసినవాడు కదా, ఉద్యోగం మానేసేముందు ఆ బ్రిడ్జి ఎక్కడుందో ఒక్కసారి చూడకూడదూ? బెర్టీకి వాయించడం రాదంటే సరే, రాకపోవచ్చు. మనలో ఎంతమంది చిన్నప్పుడు ఓ వంకర వాద్యమో, వంకర మాటో తగిలి, నాకు రాదులే అని జీవితాంతం వూరుకోలేదు?

ఇప్పుడు సాయంత్రాలు నేను బాంజొలేలే తీస్తే మావారు టీవీ శబ్దం పెంచుతారు. పెంచుకోనివ్వండి. జేబురుమాలు నేను బీరువాలోనే వుంచాను.