వస్తువు మిగిలిన చోట, పేరు మిగిలిన చోట
సాలార్‌జంగ్ మ్యూజియం, హైదరాబాద్ ఆకాశవాణి: ఒక తులన

హైదరాబాద్‌లో సామాన్యుడి దాకా కళను తెచ్చిన ప్రజా సంస్థల్లో రెండింటిని పక్కపక్కన పెట్టి చూడాలి. ఒకటి మూసీ దక్షిణపు ఒడ్డున దారుల్‌షిఫాలోని సాలార్‌జంగ్ మ్యూజియం. రెండోది సైఫాబాద్‌లోని ఆకాశవాణి కేంద్రం. ఒకటి కంటికి, ఒకటి చెవికి అని తేల్చేస్తే పోలిక అక్కడితో ముగుస్తుంది. అసలు తేడా లోతుగా ఉంది. మ్యూజియం వస్తువును భద్రంగా దాచింది, చేసిన మనిషి గురించి మాత్రం పెద్దగా చెప్పలేదు. రేడియో చేసిన మనిషి పేరు ప్రతిసారీ చెప్పింది, చేసినదాన్ని మాత్రం చాలావరకు పోగొట్టుకుంది.

పుట్టుకలో రెండింటికీ దగ్గరి పోలిక ఉంది. మ్యూజియం వెనక ఉన్నది మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీ ఖాన్ జీవితకాలపు సేకరణ. తాత మొదటి సాలార్‌జంగ్ కొన్నవీ అందులో చేరాయి. యూసుఫ్ అలీ ఖాన్ 1949లో అవివాహితుడిగా కన్నుమూశాక, 1951 డిసెంబరు 16న ఆయన నివాసం దివాన్ దేవిడీలోనే నెహ్రూ మ్యూజియాన్ని ప్రారంభించారు. 1961లో పార్లమెంటు చట్టంతో అది జాతీయ ప్రాముఖ్యం గల సంస్థ అయింది, 1968లో ఇప్పటి భవనానికి మారింది. రేడియో కథా ఇలాంటిదే. ఒక వ్యక్తి సొంత పూనికతో నడిపిన చిన్న ప్రసార కేంద్రాన్ని 1935లో నిజాం ప్రభుత్వం చేపట్టింది. అదే దక్కన్ రేడియో. 1950 ఏప్రిల్ 1న అది ఆలిండియా రేడియోలో కలిసింది. ఒకరి అభిరుచిగా మొదలైన రెండూ దాదాపు ఒకే కాలంలో అందరి ఆస్తి అయ్యాయి.

అక్కడి నుంచి దారులు చీలాయి. మ్యూజియంలో అడుగడుగునా కనిపించేది ముఖ్యంగా ఒక వ్యక్తి ఎంపిక. ఆయనకు నచ్చిన ఐరోపా పాలరాయి, చైనా పింగాణీ, పర్షియా తివాచీలు, జేడ్ పిడిబాకులు, దంతపు పనితనం అన్నీ ఒకే కప్పు కింద ఉన్నాయి. ప్రపంచం మన ఊరికి నడిచొచ్చిందన్న ఆనందం అక్కడ దొరుకుతుంది. ఊరు దాటి వెళ్లే స్తోమత లేని కుటుంబం కూడా ఒక్క పూటలో ఎన్నో దేశాల చేతిపనిని చూసి రాగలగడం చిన్న మేలు కాదు. రేడియోలో ఎంపిక ఒకరిది కాదు. దేవులపల్లి కృష్ణశాస్త్రి, దాశరథి, స్థానం నరసింహారావు, పాలగుమ్మి విశ్వనాథం, వింజమూరి సీతాదేవి, శారదా శ్రీనివాసన్ వంటి వేర్వేరు పాళీలు, గొంతులు, బాణీలు ఆ ఒక్క కేంద్రంలో పనిచేశాయి. పెద్ద చదువులు చదవని రావూరి భరద్వాజ అక్కడే ఉద్యోగం చేశారు. తర్వాత జ్ఞానపీఠం అందుకున్నారు. జానపదం, హరికథ, నాటకం, కర్ణాటక సంగీతం, ఉర్దూ శ్రోతల కోసం 'నైరంగ్' ఒకే చోటు నుంచి వినిపించాయి. మ్యూజియం లోకాన్ని నగరంలోకి తెచ్చింది. రేడియో ఈ నేల గొంతుల్ని ఊరూరికీ పంపింది.

ఇక పేర్ల సంగతి. మ్యూజియంలో జనం ఎక్కువసేపు నిలబడే బొమ్మల్లో మేలిముసుగు రెబెక్కా ఒకటి. ఇటలీ శిల్పి జొవాన్నీ మరియా బెంజోనీ చెక్కాడు. మొదటి సాలార్‌జంగ్ 1876లో రోమ్‌లో కొన్నారు. గట్టి పాలరాయి ముఖం మీద పల్చటి తడిబట్టలా ఎలా మారిందో చూసినవాళ్లకి ఆ శిల్పి పేరు గుర్తుండిపోతుంది. అదే మ్యూజియంలో బిద్రీ పనికి కూడా చోటుంది. జింకులో కొద్దిగా రాగి కలిపి పోతపోస్తారు. పైన ఉలితో సన్నటి గాడులు చెక్కి, వాటిలో వెండిని కూరుస్తారు. బీదర్ కోటలోని పాతమట్టిని నవాసాగరంతో కలిపి పట్టిస్తే లోహం నిగనిగలాడే నలుపుకి తిరుగుతుంది, వెండి మాత్రం తెల్లగానే మిగులుతుంది. రెబెక్కా మేలిముసుగు కన్నా ఇది ఏ విధంగానూ తక్కువ పనితనం కాదు. పైగా మన దక్కన్‌ది. అక్కడున్న బిద్రీ హుక్కా కుండీలు చేసిన చేతులు ఎవరివి? పాతకాలపు పనివాళ్లు సంతకం పెట్టలేదు, నిజమే. పేరు దొరకకపోతే పద్ధతైనా చెప్పవచ్చు, ఆ పని చేసే కుటుంబాలు బీదర్‌లో ఈనాటికీ ఉన్నాయనైనా చెప్పవచ్చు. వస్తువు పేరు, దేశం, శతాబ్దంతో సరిపెడితే చూసేవాడికి ఆశ్చర్యం మిగులుతుంది, అవగాహన మిగలదు.

ఈ విషయంలో రేడియో చాలా ముందుంది. లలితగీతం మూడు నాలుగు నిమిషాలదే అయినా రచన ఫలానా, సంగీతం ఫలానా, పాడినవారు ఫలానా అని చెప్పకుండా ప్రసారం కాదు. కచేరీ అయితే వయొలిన్, మృదంగం వాయించినవారి పేర్లు కూడా వినిపిస్తాయి. నాటకం పూర్తయ్యాక చిన్న పాత్ర వేసిన నటుడి పేరూ చదువుతారు. సినిమా పాటను హీరో పేరుతో గుర్తుపెట్టుకునే మనకి, కవి ఒకరు, బాణీ కట్టినవారు ఒకరు ఉంటారని నేర్పింది ఈ అలవాటే. కళాకారుణ్ణి గౌరవించడమంటే శాలువా కప్పడం ఒక్కటే కాదు. తప్పు లేకుండా, ప్రతిసారీ, పేరు పలకడం కూడా. ఆకాశవాణి ఆ పనిని దశాబ్దాలుగా చేస్తోంది.

కానీ కాపాడటంలో అదే రేడియో వెనకబడింది. తొలినాళ్లలో ప్రసారాలు చాలావరకు అప్పటికప్పుడు చదివినవి, పాడినవి. గాలిలోకి వెళ్లినవి మళ్లీ చేతికి రాలేదు. టేపులు వచ్చాక కూడా ఒకదాన్ని చెరిపి ఇంకొకటి రికార్డు చేయడం రేడియో కేంద్రాల్లో మామూలుగా ఉండేది. నిల్వ ఉన్న వాటిలో కొన్నింటిని ఆకాశవాణిని నడిపే ప్రసార భారతి ఇప్పుడు ఇంటర్నెట్‌లో పెడుతోంది. అది మంచి పని, ఇంకా విస్తరించాల్సిన పని. ఒక గాయని గొంతు పాత శ్రోతల జ్ఞాపకంలోనే ఉండి, వాళ్లతోనే పోవడం ఆమె కుటుంబానికి మాత్రమే కాదు, భాషకే నష్టం. ఒక్క పింగాణీ పాత్ర పగిలితే మ్యూజియంలో విచారణ జరుగుతుంది. ఒక నాటకం టేపు చెరిగిపోతే అడిగినవాడు లేడు.

ప్రేక్షకుణ్ణి తయారుచేయడంలోనూ రెండు దారులున్నాయి. మ్యూజియంలో ఎక్కువమందిని ఒకచోట చేర్చేది సంగీత గడియారం. గంట కొట్టే వేళకు జనం ముందే చేరతారు. చిన్న బొమ్మ తలుపు తెరుచుకుని బయటికొచ్చి, గంటలెన్నో అన్ని దెబ్బలు కొట్టి లోపలికి వెళ్లిపోతుంది. పిల్లలు గొంతెత్తి లెక్కపెడతారు. ఆ సంబరం నిజమైనదే. అయితే అది ముగియగానే ఆ గుంపు చెదిరిపోతుంది, పక్క గదిలోని దక్కనీ చిత్రం దగ్గర నిలబడేవాళ్లు కొద్దిమందే. రేడియో మనిషిని ఒక్కసారిగా అబ్బురపరచదు, నెమ్మదిగా అలవాటు చేస్తుంది. న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు రేడియో అన్నయ్య, అక్కయ్యలుగా పిల్లల చేతే పాడించి, నాటికలు వేయించి తరాల శ్రోతల్ని పెంచారు. స్వరకర్త చిత్తరంజన్ గాలి తరంగాల మీదే లలిత సంగీతం నేర్పారు. వినేవాణ్ణి పాడేవాడిగా మార్చడం వాళ్లు సాధించిన ఘనత. చూసేవాణ్ణి గీసేవాడిగా, చెక్కేవాడిగా మార్చే ప్రయత్నం మ్యూజియం వైపు నుంచి అంత బలంగా జరగాల్సి ఉంది.

ఈ రెండింటిలో ఏది గొప్పదని అడిగితే నా తీర్పు ఇది. దాచడంలో సాలార్‌జంగ్ మ్యూజియం ఆదర్శం, పరిచయం చేయడంలో ఆకాశవాణి ఆదర్శం. ఒకదాని లోటు రెండోదాని బలం. రెండూ ప్రజల సొమ్ముతో నడుస్తున్నవే, ఒకే నగరంలో ఉన్నవే. మ్యూజియం గదుల కథల్ని ఆకాశవాణి తెలుగులో, ఉర్దూలో ధారావాహికగా వినిపించవచ్చు. బిద్రీ పనివాడి మాటలు, ఉలి చప్పుడుతో సహా రికార్డు చేసి ఆ గదిలోనే వినిపించవచ్చు. పాత రేడియో నాటకాలకు మ్యూజియంలో ఒక శ్రవణ గది పెట్టవచ్చు. వీటికి కొత్త భవనాలు అక్కర్లేదు.

మన వంతూ ఉంది. మ్యూజియానికి శుక్రవారం సెలవు. మిగతా రోజుల్లో ఒకరోజు గడియారం దాటి బిద్రీ వస్తువుల దాకా వెళ్లండి. ఇంట్లో రేడియోలో 738 కిలోహెర్ట్జ్ మీద హైదరాబాద్ కేంద్రం దొరక్కపోతే ఫోన్‌లో ఆకాశవాణి యాప్ పెట్టుకోండి, పాట అయ్యాక చదివే పేర్ల దాకా ఆగండి. అడిగే ప్రేక్షకులు, వినే శ్రోతలు ఉన్నంతకాలమే ఈ రెండు సంస్థలూ మన పేరు మీద ఉంటాయి.