సొకోకే ఒంటి మీది సుడులు

చారల పిల్లి అనగానే అంచు స్పష్టంగా తెలిసే నల్లని పట్టెలే కళ్ళలో మెదులుతాయి. సొకోకే పిల్లి దగ్గర ఆ లెక్క చెల్లదు. దాని పక్కల మీద సుడి తిరిగిన పెద్ద మచ్చ ఉంటుంది. ఆ మచ్చ లోపలికి చూడండి. నలుపు నిండుగా ఉండదు. ముదురు వెంట్రుకల నడుమ లేతరంగు కట్లున్న వెంట్రుకలు మొలిచి, మచ్చను లోపలినుంచే పలచన చేస్తాయి. చిత్రిక పట్టిన టేకు చెక్క మీద వలయాలు ఇలాగే ఉంటాయి: ఏది గీత, ఏది నేల అని వేలు పెట్టి చూపలేం. మామూలు సుడుల పిల్లి అందమంతా ఒక్క చూపులో అందేస్తుంది. ఇది అలా కాదు, ఎంతసేపు చూస్తే అంత లోతుకు దిగుతుంది.

దీని పుట్టిల్లు కెన్యా తూర్పు తీరం. తూర్పు ఆఫ్రికాలో మిగిలిన తీరపు పొడి అడవుల్లోకెల్లా పెద్దదైన అరబుకో-సొకోకే అక్కడే ఉంది. సుమారు 420 చదరపు కిలోమీటర్లు. ఆ చుట్టుపక్కల గిరియామా జనానికి ఈ పిల్లులు పాత పరిచయమే. 1978లో అదే తీరంలోని వటాము ఊరి దగ్గరి కొబ్బరితోటలో జెనీ స్లేటర్ అనే ఆవిడకు కొన్ని కూనలు దొరికాయి. వాటిలో ఒక గండునీ ఒక పెంటినీ ఆవిడ పెంచింది. 1980లలో కొన్ని డెన్మార్క్ చేరాయి, 1993లో యూరప్ పిల్లుల సమాఖ్య ఫిఫే వీటిని జాతిగా గుర్తించింది.

అడవిపిల్లి నెత్తురు వీటిలో ఉందని చాలాకాలం అనుకున్నారు. ఆ కళ్ళూ, ఆ వేగమూ చూస్తే ఎవరికైనా అలాగే తోస్తుంది. జన్యుపరీక్షలు మాత్రం వీటి దగ్గరి చుట్టాలు కెన్యా తీరంలోని లామూ దీవి వీధుల్లో తిరిగే మామూలు పిల్లులేనని చెప్పాయి. నాకు ఇందులో నిరాశ ఏమీ లేదు. ఎందుకంటే 2012లో ఇంకో సంగతి తేలింది: పిల్లి చారలను సుడులుగా మార్చే జన్యువూ, ఆఫ్రికాలో అరుదుగా కనబడే రాజచీతా చుక్కలను కలిపి పట్టెలు చేసే జన్యువూ ఒకటే. అంటే ఈ చిత్రరచన కోసం ఎవరినీ కొత్తగా అరువడగనక్కర్లేదు. చీతాలోనూ ఇంటిపిల్లిలోనూ ఒకే కుంచె మొదటినుంచీ ఉంది.

ఇక నడక. నన్నడిగితే సొకోకే అసలు సొగసు అక్కడే ఉంది. వెనకకాళ్ళు ముందుకాళ్ళకంటే పొడుగు. అందుకని అడుగు వేసినప్పుడల్లా మునివేళ్ళ మీద నడుస్తున్నట్టుంటుంది, నడుము కాస్త పైకి లేచి ఉంటుంది. లోపలి మెత్తటి బొచ్చు దాదాపు లేని పొట్టి వెంట్రుకలు కాబట్టి చర్మం కింద కదిలే కండ ప్రతిదీ కనబడుతుంది. కండ కదిలిన కొద్దీ సుడి సాగుతుంది, ముడుచుకుంటుంది, మళ్ళీ విచ్చుకుంటుంది. కూర్చున్న పిల్లి ఫొటోలో సగం మచ్చే తెలుస్తుంది. మిగతా సగం దాని నడకలో ఉంది. పర్షియన్ పిల్లి బొచ్చుకు మురిసిపోయేవాళ్ళు ఎందరో ఉన్నారు. వాళ్ళ ఇష్టాన్ని కాదనను. కాని ఒంటి మీది గీతకీ లోపలి ఎముకకీ ఇంతగా పొత్తు కుదిరిన ఇంటిపిల్లి మరొకటి లేదని నా తీర్పు.