నీళ్లా, నూనా?

కొలిమికి వెళ్తే నా చూపు సమ్మెట కన్నా పక్కనున్న తొట్టి మీదే ఎక్కువ నిలుస్తుంది. ఎర్రగా కాలిన కత్తి అందులో మునిగిన తొలి కొన్ని సెకన్లలోనే దాని బలం ఎంతో తేలిపోతుంది.

ఉక్కును ఇంచుమించు 800 డిగ్రీల దాకా కాలిస్తే ఇనుప అణువుల అమరిక మారి, కర్బనం అందులో కరుగుతుంది. అది ఆస్టెనైట్. మెల్లగా చల్లారనిస్తే కర్బనం తీరిగ్గా విడివడి పొరలు పొరలుగా సర్దుకుంటుంది. పెర్లైట్ అనే ఆ రూపం ఆకురాయికి తేలిగ్గా లొంగుతుంది. ఒక్కసారిగా చల్లారిస్తే కర్బనానికి కదిలే వ్యవధి ఉండదు. ఎక్కడిదక్కడే ఇరుక్కుపోయి అణువుల అమరికనే సాగదీస్తుంది. సూక్ష్మదర్శినిలో సూదుల్లా కనిపించే ఈ రూపానికి జర్మన్ లోహశాస్త్రవేత్త అడాల్ఫ్ మార్టెన్స్ పేరిట మార్టెన్‌సైట్ అని పేరు. కర్బనం 0.8 శాతం ఉన్న ఉక్కు ఇలా మారితే గట్టిదనాన్ని చెప్పే రాక్‌వెల్ సి కొలతలో 65 దాకా వెళ్తుంది. ఆకురాయి జారిపోతుంది.

మరి దేంట్లో ముంచాలి? నీళ్లలో ముంచగానే లోహం చుట్టూ ఆవిరి పొర కమ్ముకుంటుంది. బాగా కాలిన పెనం మీద నీటిచుక్క ఇగిరిపోకుండా దొర్లేది ఈ పొర వల్లే. అది ఉన్నంతసేపూ వేడి సరిగా బయటికి పోదు. పొర తెగి, నీళ్లు లోహాన్ని తాకి సలసలా మరిగినప్పుడే అసలు చల్లబడటం. ఒకచోట ముందు, మరోచోట వెనక తెగితే మెత్తని మచ్చలు మిగులుతాయి. కమ్మరి పట్టుకారుతో కత్తిని లోపల ఆడిస్తూ ఉండేది అందుకే. ఉప్పు కలిపితే పొర త్వరగా చెదురుతుంది, నీళ్లు వేడెక్కితే మొండికేస్తుంది. నూనె సంగతి వేరు. 50, 60 డిగ్రీలకు వెచ్చబెడితే పలచబడి ఇంకా బాగా పనిచేస్తుంది.

మార్టెన్‌సైట్‌గా మారేటప్పుడు ఉక్కు ఉబ్బుతుంది. పైభాగం ముందే బిగిసిపోయి, లోపలిది తర్వాత ఉబ్బితే పగులు. నూనె నెమ్మదిగా చల్లారుస్తుంది కనుక ఆ భయం తక్కువ. మన ఊళ్లలో కత్తులకు వాడే లారీ కమాను పట్టీలో సిలికాన్, మాంగనీసు, క్రోమియం వంటివి కలిసి ఉంటాయి కాబట్టి దానికి నూనె చాలు. అవి పెద్దగా లేని మామూలు ఉక్కు, అందులోనూ మందపాటి ముక్క, నూనెలో లోపలిదాకా గట్టిపడదు. అందుకే నూనె మేలు, నీళ్లు నాసి అంటే నేను ఒప్పుకోను. ముక్క ఏ ఉక్కో తెలుసుకోకుండా తొట్టి ఎంచుకోవడమే తప్పు.

వాడి పారేసిన ఇంజిన్ ఆయిల్ మాత్రం వద్దు. గాలాడని పాకలో ఆ పొగ పీలుస్తూ పనిచేసేవాళ్లను చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. నూనెలో నీళ్లు చేరినా ప్రమాదమే, పొంగి మంటలు లేస్తాయి.

ముంచి తీసిన కత్తి పెళుసుగా ఉంటుంది, కిందపడినా విరగొచ్చు. చేత్తో పట్టుకోగలిగేంత చల్లారగానే 200 డిగ్రీల దగ్గర గంటసేపు మళ్లీ కాచండి. గొడ్డలికైతే ఇంకాస్త ఎక్కువ కాక కావాలి. రేపు చూద్దాంలే అని మాత్రం వదిలేయకండి, ఊరికే పెట్టినా తెల్లారేసరికి పగలొచ్చు.