నాయకత్వంలో భావోద్వేగ ప్రజ్ఞ: ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంత కథనాల పరిశీలన

వ్యాససంగ్రహం:
నాయకుడికి ఇతరుల మనసు తెలిసి ఉండాలన్న భావనను నేటి యాజమాన్య శాస్త్రం ‘భావోద్వేగ ప్రజ్ఞ’గా వ్యవహరిస్తోంది. ఆదోని పరగణాలో ప్రచారంలో ఉన్న దివాన్ వెంకన్న కథ, థామస్ మన్రో స్మృతి, తెర్నేకల్లు తిరుగుబాటు, ఎమ్మిగనూరు చేనేత సహకారోద్యమం ఆధారంగా ఈ భావన బలాన్నీ పరిమితినీ ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: భావోద్వేగ ప్రజ్ఞ, భావోద్వేగ శ్రమ, ఆదోని, థామస్ మన్రో, తెర్నేకల్లు, సహకార సంఘం.

1. ఉపోద్ఘాతం:
పీటర్ సాలొవే, జాన్ మేయర్ 1990లో భావోద్వేగ ప్రజ్ఞను ఒక సిద్ధాంతంగా ప్రతిపాదించారు. డేనియల్ గోల్‌మన్ 1995లో వెలువరించిన గ్రంథంతో అది లోకవ్యాప్తమైంది. 1998లో రాసిన వ్యాసంలో ఆయన నాయకత్వానికి స్వీయ అవగాహన, స్వీయ నియంత్రణ, ప్రేరణ, సహానుభూతి, సామాజిక నైపుణ్యం అనే ఐదు అంగాలను నిర్దేశించారు. తెలుగులో వ్యక్తిత్వ వికాస రచనలు ఈ ఐదింటినీ విరివిగా వివరిస్తున్నాయి. కోపాన్ని జయించమనే మాట మన నీతిశతకాలకు, విదురనీతికి కొత్త కాదు గనుక ఈ సిద్ధాంతం సులభంగానే ఆదరణ పొందింది.

అయితే ఈ ఐదు అంగాలూ నాయకుడి గుణాలే. అతని కింద పనిచేసేవారి స్థితి ఈ లెక్కలో కనిపించదు. అమెరికన్ సామాజికశాస్త్రవేత్త ఆర్లీ హాక్‌షీల్డ్ 1983లోనే ఈ రెండో పార్శ్వాన్ని చూపారు. విమాన పరిచారికలు నవ్వును, బాకీలు వసూలు చేసేవారు కాఠిన్యాన్ని ఉద్యోగధర్మంగా ప్రదర్శించవలసి రావడాన్ని ఆమె ‘భావోద్వేగ శ్రమ’ అన్నారు. పై రెండు దృష్టులనూ కలిపి చూసినప్పుడే నాయకత్వ కథనాల అసలు స్వరూపం తెలుస్తుంది.

2. దివాన్ వెంకన్న కథ - భయం ఎవరిది?
17వ శతాబ్దిలో ఆదోనిని పాలించిన సిద్ది మసూద్‌ఖాన్ దర్బారుకు సంబంధించి రాఘవేంద్రస్వామి చరిత్రలో ఒక కథ ఉంది. నవాబు తనకు అందిన లేఖను చదవమని వెంకన్న అనే నిరక్షరాస్యుడైన యువకుణ్ణి ఆజ్ఞాపిస్తాడు. చదువు రాదన్న మాటను నమ్మక ఆగ్రహించి, శిక్షిస్తానని బెదిరిస్తాడు. వెంకన్న స్వామిని స్మరించి లేఖను చదివేస్తాడు. నవాబు సంతోషించి ఉద్యోగమిస్తాడు. కాలక్రమంలో అతడు దివాన్ అవుతాడు.

భక్తికథగా దీని ప్రయోజనం గురుమహిమను చాటడం. అధికార సంబంధాల కోణంలో చదివితే మరో అర్థం స్ఫురిస్తుంది. చేతకాని పనిని ఆజ్ఞాపించడం, నిజం చెబితే నమ్మకపోవడం, భయపెట్టడం అధికారి వైపు దోషాలు. ఆ మూడింటి భారాన్నీ మోసింది కింది మనిషి. అద్భుతం జరగడంతో అధికారి ఆగ్రహం ప్రశ్నకు గురికాకుండానే కథ ముగిసింది. అద్భుతం జరగని వెంకన్నల గతి ఏమిటన్నది కథ అడగదు. నేటి కార్యాలయాల్లో, కళాశాలల్లో సైతం అసాధ్యమైన గడువును ఎలాగో నెగ్గుకొచ్చిన ఉద్యోగిని మెచ్చుకుంటారే కాని, ఆ గడువు పెట్టిన తీరును విమర్శించరు.

3. మన్రో - సహానుభూతి, దాని హద్దు:
1800లో నిజాం నుంచి కంపెనీకి సంక్రమించిన దత్తమండలాలకు థామస్ మన్రో ప్రధాన కలెక్టరుగా 1807 వరకు పనిచేశాడు. ఆదోని ఆ మండలాల్లోనిదే. గుడారాల్లో మకాం వేస్తూ, గ్రామాలు తిరుగుతూ రైతులతో నేరుగా మాట్లాడడం అతని పద్ధతి. జనం అతణ్ణి మాండవ్య ఋషి అన్నారు. పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నారు. మంత్రాలయ మఠం భూముల విచారణకు వచ్చి, బూట్లు, టోపీ తీసి బృందావనం ముందు నిలిచాడనీ, స్వామి అతనితో మాట్లాడారనీ జనశ్రుతి. ఈ కథ చారిత్రకత ఎలా ఉన్నా, పాలకుడిలో జనం కోరుకున్నదేమిటో ఇందులో ఉంది. తన అధికార చిహ్నాలను పక్కనపెట్టి విన్నవాడినే వారు తలచుకున్నారు.

సహానుభూతి శాసనంగా మారడానికి ఏం కావాలో కూడా మన్రో చరిత్రే చెబుతుంది. శిస్తు భారం ఎక్కువగా ఉందని గ్రహించి, 1807లో దాన్ని నాలుగో వంతు తగ్గించాలని అతడు ప్రతిపాదించాడు. పైఅధికారులు అంగీకరించలేదు. రైత్వారీని తొలగించి గ్రామాలను కౌళ్లకిచ్చారు. 1820లో అతడే మద్రాసు గవర్నరయ్యాక గాని ఆ తగ్గింపు అమలుకు రాలేదు. రైతు కష్టం తెలిసిన కలెక్టరు ఉన్నా, ఆ తెలివిడికి నిర్ణయాధికారం తోడయ్యేదాకా రైతు పదమూడేళ్లు వేచి ఉండవలసి వచ్చింది.

ఇదే మన్రో పాలనారంభంలో, 1801లో, నేటి దేవనకొండ మండలంలోని తెర్నేకల్లులో శిస్తు వసూళ్లపై తిరుగుబాటు చెలరేగింది. దానికి ముత్తుకూరు గౌడప్ప నాయకుడు. కంపెనీ సైన్యబలంతో దాన్ని అణచివేసింది. గౌడప్పను ఉరితీశారని స్థానిక కథనం. ఓర్పుకు పేరుపడ్డ అధికారి హయాంలోనే ఫిరంగులు మోగడం యాదృచ్ఛికం కాదు. వసూలు లక్ష్యం మారనప్పుడు వసూలుదారు మృదుత్వం ప్రతిఘటన తీవ్రతను తగ్గించగలదే గాని, దాని కారణాన్ని తొలగించలేదు. మన్రోకు ఈ వైరుధ్యం కొంత తెలుసు. 1824 డిసెంబర్ 31 నాటి తన లిఖితాభిప్రాయంలో, పూర్వపు విజేతలు క్రూరంగా ప్రవర్తించినా, కంపెనీవారంతటి తిరస్కారం ఎవరూ చూపలేదన్న అర్థంలో రాశాడు. అవమానం కూడా పాలనా సమస్యేనని గుర్తించిన ఆ మాటలో స్వీయ అవగాహన ఉంది. ఆ అవగాహన సామ్రాజ్యాన్ని నిలబెట్టుకోవడానికే తప్ప వదులుకోవడానికి కాదన్నది మరువరాదు. 1827 జూలై 6న పత్తికొండలో కలరాతో మన్రో మరణించాడు. పశ్చిమ కర్నూలు నేల అతణ్ణీ గౌడప్పనూ ఇద్దరినీ గుర్తుంచుకుంది. ఒకరి స్మృతి మరొకరి స్మృతిని సరిదిద్దుతూ ఉంటుంది.

4. ఎమ్మిగనూరు - గుణం నుంచి వ్యవస్థకు:
అప్పటి బళ్ళారి జిల్లాలో ఉన్న ఎమ్మిగనూరులో 1938లో మాచాని సోమప్ప చేనేత సహకార సంఘాన్ని స్థాపించారు. అనంతరం ఆయన పద్మశ్రీ పురస్కారం పొందారు. చేనేతలో నూలు అప్పుగా ఇచ్చి, బట్ట తీసుకుని, కూలి లెక్కగట్టేది సావుకారే అయినప్పుడు, నేతగాడి బతుకు సావుకారు మంచిచెడ్డల మీద ఆధారపడుతుంది. సావుకారు దయగలవాడైతే పండుగకు బయానా దొరుకుతుంది, కాకుంటే దొరకదు. సహకార పద్ధతిలో నూలు సరఫరా, బట్ట కొనుగోలు, కూలి నిర్ణయం సంఘం నియమాలకు లోబడతాయి. సభ్యుడు అడిగేది దయ కాదు, లెక్క.

ఇక్కడ నాయకుడి సహానుభూతి అతని స్వభావంగానే మిగలక నియమావళిగా రూపొందే అవకాశం ఉంది. సహకార సంఘాలు సైతం రాజకీయాలకు, అప్పులకు, మరమగ్గాల పోటీకి లోనవుతాయి. అయినా నాయకుణ్ణి ప్రశ్నించే హక్కు సభ్యులకు ఉండడమే మన్రో గుడారానికీ సంఘం సమావేశానికీ ఉన్న ప్రధాన భేదం.

5. ముగింపు:
పై పరిశీలన వల్ల మూడు అంశాలు తేలుతున్నాయి. భావోద్వేగ ప్రజ్ఞను నాయకుడి వైపు నుంచే కొలిస్తే, వెంకన్న అనుభవించిన భయం లెక్కకు రాదు. సహానుభూతి నిర్ణయంగా మారకపోతే, అది 1807 నాటి ప్రతిపాదనలా కాగితంపైనే ఉంటుంది. పని షరతులు అన్యాయమైనప్పుడు మృదుభాషణం వాటికి ముసుగు కాగలదు. కాబట్టి ఈ సిద్ధాంతాన్ని తెలుగు సమాజానికి అన్వయించేవారు నాయకుడు ఎంత శాంతంగా మాట్లాడాడన్న దానితో ఆగకుండా, కింది ఉద్యోగి భయం లేకుండా ‘కాదు’ అనగలిగాడా అన్న ప్రశ్నను కూడా ప్రమాణంగా స్వీకరించాలి. ఈ ప్రమాణంతో ఆదోని ప్రాంత స్థానిక చరిత్రలను, మౌఖిక కథనాలను తిరిగి చదవడానికి విస్తృతమైన అవకాశం ఉంది.